బస్సు డ్రైవరు గారి ఆరు నిమిషాల నడక

మందుల ట్రయల్స్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చిన మన తెలుగు పిల్లలు కొందరు అప్పుడప్పుడు సింగపూర్ పాసిర్ రిస్‌లో మా ఫ్లాట్‌కి వస్తుంటారు. కాఫీ అయ్యాక తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. "ఆంటీ, ఈ పనిలో మీకు అన్నిటికన్నా కష్టమనిపించిందేంటి?" అని. రోగుల్ని ఒప్పించడమో, అనుమతులు తెచ్చుకోవడమో అంటానని వాళ్ళు ఎదురుచూస్తారు. నేను "కారిడార్" అంటాను. వాళ్ళు మర్యాదగా నవ్వి ఫోన్లు చూసుకుంటారు. ఇంత మర్యాద భరించలేక, అసలేం జరిగిందో ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

ఊపిరితిత్తులు లోపల్నుంచి మచ్చకట్టి బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది. తడి స్పాంజి ఎండి గట్టిపడ్డట్టు అవుతుంది. నయం చేసే మందు లేదు. వేగం తగ్గించే మందులున్నాయి, అవి అందరికీ పడవు. నేను ఉద్యోగంలో ఉన్న చివరి సంవత్సరాల్లో ఒక విదేశీ కంపెనీ కొత్త మందు తయారుచేసి, సింగపూర్‌లో పరీక్షిస్తామంది. చిక్కేమిటంటే ఇది అరుదైన జబ్బు. ఏ ఒక్క ఆసుపత్రిలోనూ చాలినంతమంది రోగులు లేరు. మూడు ఆసుపత్రులు కలిసి ఒక్కటిగా పనిచేస్తేనే మందు ఇస్తామన్నారు. ఆ మూడింటినీ కలిపి ఉంచే ఉద్యోగం నాది. తెనాలిలో ఫార్మసీ చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, మందుల కొట్టులో మొదలుపెట్టి ఆ కుర్చీ దాకా వెళ్ళాను. తలుపు మీద నా హోదా 'నెట్‌వర్క్ మేనేజర్' అని ఉండేది. మా బంధువులు చాలామంది నేను ఇంటర్నెట్ వైర్లు చూసుకుంటాననుకునేవారు. నేనూ సరిదిద్దలేదు. వైర్లయితే ఒకసారి కలిపాక కలిసే ఉంటాయి.

మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మేం చేసే ముఖ్యమైన పరీక్షకు యంత్రాలేవీ అక్కర్లేదు. రోగి ఆరు నిమిషాలు నడవాలి. అంతే. కారిడార్‌లో ముప్పై మీటర్ల దూరంలో రెండు నారింజ రంగు కోన్లు పెడతారు. వాటి మధ్య అటూ ఇటూ నడుస్తూ ఎంత దూరం వెళ్ళారో కొలుస్తారు. పక్కన ఎవరూ నడవకూడదు. చప్పట్లు కొట్టకూడదు. పరీక్ష చేసే నర్సు నిమిషానికొకసారి "మీరు బాగా చేస్తున్నారు, ఇంకా ఇన్ని నిమిషాలున్నాయి" అని ఉత్సాహం లేని గొంతుతో చెప్పాలి. ఇంకో మాట మాట్లాడకూడదు. నేను విన్నప్పుడు ఇంతకన్నా తేలికైన పరీక్ష ఉండదనుకున్నాను.

మా మూడు ఆసుపత్రుల పేర్లు ఇక్కడ అనవసరం. మా ఆఫీసులో కూడా వాటిని కారిడార్లను బట్టే పిలిచేవాళ్ళం. సూటి ఆసుపత్రి, వంపు ఆసుపత్రి, తివాచీ ఆసుపత్రి.

సూటి ఆసుపత్రిలో కారిడార్ గీత గీసినట్టు ఉండేది, కానీ వంటగది నుంచి వార్డులకు వెళ్ళే దారి అదొక్కటే. వంపు ఆసుపత్రిలో ప్రశాంతంగా ఉండేది, కానీ మధ్యలో చిన్న మలుపు. తివాచీ ఆసుపత్రి కొత్తది. ఎవరో దాత మెత్తటి తివాచీ పరిపించి, దాని కొసలో తన తల్లి పేరు నేయించాడు. అందువల్ల దాన్ని తీయడానికి వీల్లేదు.

సూటి ఆసుపత్రి పెద్ద డాక్టరు పొడుగాటి మనిషి, ఇక్కడే పుట్టిన తమిళాయన. వంపు ఆసుపత్రి పెద్ద డాక్టరు గుండ్రంగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే చైనీస్ ఆయన. ఇద్దరూ ఒకే కాలేజీలో, ఒకే తరగతిలో చదువుకున్నారు. ఇద్దరికీ మాటల్లేవు. కారణం అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. చివరికి మా ఆఫీసు సీనియర్ నర్సు చెప్పింది. ఆవిడ మలయ్ మనిషి, అందరం 'కాక్' అనేవాళ్ళం, అక్క అని. చదువుకునే రోజుల్లో హాకర్ సెంటర్ అనే తిండి కొట్ల సముదాయంలో ఒకాయన టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు 'చోప్' చేసుకుని, అంటే తనదని ఆపుకుని, తిండి తెచ్చుకోవడానికి వెళ్ళాడట. రెండో ఆయన ఆ ప్యాకెట్ తీసి ముక్కు తుడుచుకుని అదే సీట్లో కూర్చున్నాడట.

"అంతేనా?" అన్నాను.

"అంతేనా ఏంటి లా!" అంది కాక్, ఇక్కడివాళ్ళు ప్రతి మాటకూ తగిలించే 'లా' తగిలించి, చాలా గంభీరంగా. "ముక్కు తుడుచుకున్నాడు!"

మూడో ఆవిడ, తివాచీ ఆసుపత్రి డాక్టరమ్మ, మూడు ఆసుపత్రులూ కలిసి ఈ ట్రయల్ కోసం వేసుకున్న సంఘానికి అధ్యక్షురాలు. మెతక మనిషి. ఆవిడ వల్ల జరిగిన మేలేమిటంటే ఇద్దరు డాక్టర్లకూ మధ్యలో కూర్చోవడం. ఎందుకంటే వాళ్ళిద్దరూ ఒకే బల్ల దగ్గరుండి కూడా, "వంపు కారిడార్‌లో చేసింది నడక కాదని ఆయనకు చెప్పండి, అది ప్రదక్షిణం" అని ఒకరు నాతోను, "ఆయన కారిడార్‌లో రోగులకన్నా చికెన్ రైస్ ఎక్కువ నడుస్తుందని చెప్పండి" అని రెండో ఆయన కాక్‌తోను అనేవారు. మేం ఆ మాటల్ని అక్షరాలా చెప్పేవాళ్ళం. ప్రదక్షిణమంటే ఏమిటని వంపు డాక్టరు నన్నడిగాడు. గుడి చుట్టూ తిరగడమన్నాను. "అయితే నా రోగులకు పుణ్యం కూడా వస్తుంది, రాసుకోండి" అన్నాడు. ఈ గొడవ తేల్చడానికి ఒక ఉపసంఘం వేశాం. మీటింగ్ మీద మీటింగ్ జరిగింది. మధ్యాహ్నం భోజనానికి ఏం తెప్పించాలన్న విషయం ఒక్కటే ఏకగ్రీవంగా తేలింది.

ఇలా సాగుతుండగా కంపెనీవాళ్ళకు అనుమానం వచ్చి విదేశం నుంచి ఒక తనిఖీ అధికారిని పంపారు. సన్నగా, పొడుగ్గా, నవ్వు ఎరగని మనిషి. కర్రకు అమర్చిన చిన్న చక్రం ఒకటి వెంట తెచ్చుకుంది. దాన్ని దొర్లిస్తూ ప్రతి కారిడార్‌నూ కొలిచింది. కొలిచాక ఒకే షరతు పెట్టింది. ఒకే రోగి మూడు కారిడార్లలోనూ నడవాలి, మధ్యలో తగినంత విశ్రాంతితో. మూడు చోట్లా దూరాలు దగ్గరదగ్గరగా ఉంటే మూడూ ఒక్కటే అని ఒప్పుకుంటుంది. లేకపోతే కంపెనీ వేరే దేశం చూసుకుంటుంది.

నాకు నవ్వు రాని సంగతి ఇదొక్కటే. ఆ మందు కోసం మూడు ఆసుపత్రుల్లోనూ మనుషులు ఎదురుచూస్తున్నారు. వారానికొకరు ఫోన్ చేసి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అనేవారు. కొందరి ఫోన్లు ఆగిపోయేవి. ఎందుకు ఆగాయో నేను తిరిగి చేసి కనుక్కునేదాన్ని కాదు. కాక్ కనుక్కుని, నాకు చెప్పకుండా వాళ్ళ ఫైళ్ళు పక్కన పెట్టేది.

ఒకే రోగి మూడు చోట్లా నడవాలంటే జబ్బు ఇంకా ముదరని మనిషి కావాలి, ఓపికున్న మనిషి కావాలి. డాక్టరమ్మ తన దగ్గరికొచ్చే పెద్దాయన ఒకాయన్ని సూచించింది. టోవా పాయోలో ఉంటాడు, జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యాడు, తెలుగువాడే, మాట్లాడి చూడమంది.

వెళ్ళాను. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చాడట. పెద్దాయన తెలుగులో అక్కడి యాస చెక్కుచెదరకుండా ఉంది, మధ్యమధ్య తమిళం, మలయ్ కలిసిపోయి. బాగా దగ్గుతూ, దగ్గు మధ్యలో నవ్వుతూ మాట్లాడేవాడు.

"నడవడమే కదమ్మా? బోసాన్‌గా ఇంట్లో కూకుండి ఏటి సేస్తాను. వొస్తాను" అన్నాడు. బోసాన్ అంటే మలయ్‌లో విసుగు.

ఆయన భార్య, పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, వంటింట్లోంచే అంది: "ఆయనొక్కడూ రాడు. నాను కూడా వొస్తాను. మకాన్‌కి, తినడానికి ఏటైనా పెడతారా, నానే తేవాలా?"

మొదటి నడక వంపు ఆసుపత్రిలో. తనిఖీ ఆవిడ చక్రం పట్టుకుని ఓ మూల నిలబడింది. వంపు డాక్టరు కొత్త టై కట్టుకొచ్చాడు. కాక్ రాసిపెట్టిన సూచనలు అక్షరం తప్పకుండా చదివింది, నేను తెలుగులోకి అక్షరం తప్పకుండా మార్చాను. బస్సు అంకుల్ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించారు. బయల్దేరాడు. బాగానే నడుస్తున్నాడు. మలుపు దగ్గరికి వచ్చి ఆగాడు. మెడ చాచి అటు చూశాడు, ఇటు చూశాడు. అవతల్నుంచి తుడుపు కర్రతో ఒకావిడ వస్తోంది. చెయ్యూపి ఆమెను వెళ్ళనిచ్చాడు. అప్పుడు కదిలాడు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. ప్రతిసారీ అంతే.

కాక్ మొహంలో ఏ మార్పూ లేకుండా, "మీరు బాగా చేస్తున్నారు" అంది.

అయిపోయాక అడిగాను. "అంకుల్, మలుపు దగ్గర ఎందుకాగారు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మలుపు కదమ్మా. అవతల ఏటి వొస్తందో కనబడదు. ఇన్నేళ్ళు బస్సు నడిపినాను, నా బండికి ఒక్క గీత పడనేదు."

వచ్చేసారి ఆగొద్దని ఆయనకు చెప్పవచ్చా అని తనిఖీ ఆవిడను అడిగాను. కుదరదంది. మొదటిసారి చెప్పని మాట రెండోసారి చెబితే రెండు నడకలూ ఒకటి కావు. మూడు చోట్లా ఒకే మాటలుండాలి. ఆవిడ చెప్పింది న్యాయమే. ఆ ఉద్యోగంలో నన్ను ఏడిపించినవన్నీ న్యాయమైన మాటలే.

రెండో నడక తివాచీ ఆసుపత్రిలో. మలుపు లేదు, ఎదురొచ్చేవాళ్ళు లేరు. అంతా సవ్యంగా జరుగుతుందనుకున్నాం. కాక్ "నడవండి" అనగానే అంకుల్ వంగి చెప్పులు విప్పాడు. విప్పి, జతగా గోడ పక్కన పెట్టి, వంగినందుకు వచ్చిన ఆయాసం తీరేదాకా నిలబడి, అప్పుడు నడక మొదలుపెట్టాడు. గడియారం ఎప్పుడో మొదలైంది. అంతే కాదు, కొసన దాత తల్లి పేరు నేసిన చోట తొక్కకుండా పక్కనుంచి చుట్టి వచ్చాడు.

"ఎవరింట్లోనో తివాచీ మీద చెప్పులేసుకుని నడుస్తామేటి?" అన్నాడు తర్వాత. "పైగా ఆవిడెవరో పెద్దావిడ పేరుంది."

డాక్టరమ్మ ఎంత మెతక మనిషంటే ఆయనకు థాంక్స్ చెప్పింది.

మూడోది సూటి ఆసుపత్రి. ఆ రోజును నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. పొడుగాటి డాక్టరు ముందురోజే వంటగదివాళ్ళతో మాట్లాడి, పరీక్ష జరిగేటంతసేపు ట్రాలీలు ఆపించాడు. శుభ్రం చేసేవాళ్ళను ఆపించాడు. నేల తళతళా మెరుస్తోంది. ఈ కొస నుంచి ఆ కొసకు చీమ కూడా లేదు. వంపు డాక్టరు కూడా వచ్చాడు, ఎందుకొచ్చారని ఎవరో అడిగితే "ఈ దారిన పోతూ" అన్నాడు. ఆయన ఆసుపత్రి సింగపూర్ అవతలి కొసన ఉంటుంది.

అంకుల్ నడక మొదలుపెట్టాడు. ఆయన భార్య, ఆంటీ, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. మొదటి నిమిషం బ్రహ్మాండంగా గడిచింది. అప్పుడు లిఫ్టు తెరుచుకుని రోబో బయటికొచ్చింది.

మందులూ, దుప్పట్లూ మోసుకుంటూ వార్డులకు తిరిగే రోబోలు ఇక్కడి ఆసుపత్రుల్లో మామూలే. నడుమెత్తు అల్మారాకు చక్రాలు పెట్టినట్టుంటాయి. మనుషులను ఆపించిన డాక్టరు రోబోను ఆపించడం మరిచిపోయాడు. దాన్ని తయారుచేసినవాళ్ళు దానికి మర్యాద బాగా నేర్పారు. మనిషి ఎదురైతే ఆగుతుంది, ఆడగొంతుతో "దయచేసి ముందు మీరు వెళ్ళండి" అంటుంది ఇంగ్లీషులో.

అంకుల్ ఆగాడు. పక్కకు ఒదిగి, చెయ్యూపి, దాన్ని వెళ్ళమన్నాడు.

రోబో కదలబోయింది. ఊగుతున్న చెయ్యి కనబడి మళ్ళీ ఆగింది. "దయచేసి ముందు మీరు వెళ్ళండి."

"లేదమ్మా, నువ్వెళ్ళు. లోడు బండివి నువ్వు" అన్నాడు అంకుల్.

"దయచేసి ముందు మీరు వెళ్ళండి."

"పర్వానేదమ్మా, నువ్వే."

గడియారం పోతోంది. మాలో ఎవరూ నోరు తెరవకూడదు. కాక్ స్టాప్‌వాచ్ చూసి, రూలు ప్రకారం, ఏ భావం లేకుండా, కదలకుండా నిలబడి ఉన్న ఆ మనిషితో, "మీరు బాగా చేస్తున్నారు. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి" అంది.

బెంచీ మీంచి ఆంటీ లేచింది. "ఏటయ్యా! ఆ బీరువాతో ఏటి మాటలు? నడువు!"

తనిఖీ ఆవిడ నావైపు తిరిగింది. "ఆమె ఏమంటోంది?"

"నడవమంటున్నారు" అన్నాను.

"అనుమతి లేని ప్రోత్సాహం" అని రాసుకుంది.

అప్పుడు జరిగింది నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. వంపు డాక్టరు, అంతవరకూ ప్రత్యర్థి పరువు పోతుంటే ఆనందంగా చూస్తున్న మనిషి, ఉన్నట్టుండి లెక్క వేసుకున్నాడు. ఇక్కడ దూరం తగ్గితే సూటి ఆసుపత్రి ఒక్కటే కాదు, మూడూ పోతాయి. పరుగెత్తుకెళ్ళి రోబోను వాటేసుకుని వెనక్కి లాగాడు. అది కదల్లేదు. "సహాయం కావాలి, సహాయం కావాలి" అని అరవడం మొదలుపెట్టింది. పొడుగాటి డాక్టరు కూడా పరుగెత్తాడు. ఇద్దరు పెద్ద డాక్టర్లూ చెరోవైపు దాన్ని పట్టుకున్నారు. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా ఉన్నారు. అయినా పొడుగాటి డాక్టరు కాక్ వైపు తిరిగి, "కాక్, ఆయన్ని కింద నుంచి ఎత్తమని చెప్పండి!" అన్నాడు.

కాక్ మాట్లాడకూడదు. ఆమెకు అనుమతి ఉన్న మాట ఒక్కటే. "మీరు బాగా చేస్తున్నారు" అంది వాళ్ళతో.

చివరికి రోబోను లిఫ్టులోకి తోశారు. అంకుల్ దానికి చేతులు జోడించి నడక కొనసాగించాడు.

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం. తనిఖీ ఆవిడ మూడు దూరాలూ కూడి, తీసి, చాలాసేపు చూసింది. నమ్మండి, నమ్మకపోండి, మూడూ దాదాపు సమానంగా ఉన్నాయి. మలుపు దగ్గర పోయిన సమయం, చెప్పుల దగ్గర పోయిన సమయం, రోబో దగ్గర పోయిన సమయం ఎలాగో సరిపోయాయి. డాక్టరమ్మ చిన్నగా చప్పట్లు కొట్టింది.

"అంకెలు కలిశాయి" అంది తనిఖీ ఆవిడ. "కారణాలు కలవలేదు. ఒప్పుకోను."

 ఆవిడ చక్రం మడిచి సంచిలో పెట్టుకోబోతోంది. నాకు ఆ ఆగిపోయిన ఫోన్లు గుర్తొచ్చాయి. అడ్డుపడి అన్నాను: మూడు నడకలూ మళ్ళీ చేద్దాం, కారిడార్లు పూర్తిగా మూసేద్దాం. సూచనల చివర ఒక్క వాక్యం చేర్చనివ్వండి. మూడు చోట్లా అదే వాక్యం, ఒక్క అక్షరం తేడా ఉండదు.

"ఏమిటా వాక్యం?"

"ఈ ఆరు నిమిషాలు మీరు బస్సు కాదు, అంబులెన్సు."

తనిఖీ ఆవిడ నన్ను చూసింది. "ఇది వైద్యపరంగా సరైనదేనా?" అని డాక్టర్ల వైపు తిరిగింది. ముగ్గురు ఊపిరితిత్తుల నిపుణులు, చదువుకున్న చదువంతా మొహాల్లో తెచ్చుకుని, ఆలోచించారు. అభ్యంతరం లేదన్నారు. ఆవిడ ఒప్పుకుంది.

మర్నాడు టోవా పాయో వెళ్ళి అంకుల్‌కి సంగతి చెప్పి, మళ్ళీ నడవగలరా అని అడిగాను. వాక్యం మాత్రం పరీక్ష రోజే చెప్పాలి కాబట్టి చెప్పలేదు. ఆయన కాస్త నీరసంగా కనిపించాడు, కానీ సరేనన్నాడు. మళ్ళీ వంపు ఆసుపత్రితో మొదలుపెట్టాం. ఆంటీని ఈసారి కింద కాంటీన్‌లో కూర్చోబెట్టాం. సూచనలన్నీ చదివి చివర్లో ఆ వాక్యం చెప్పాను.

అంకుల్ దాన్ని మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అంబులెన్సంటే ఎవులికీ దారి ఇయ్యక్కర్నేదు."

నేనేమీ అనకూడదు. ఊరుకున్నాను.

"మరి సైరనో?"

ఊరుకున్నాను.

"సైరన్ నేకపోతే ఎవులికి తెలుస్తాది?" అని తనలో తాను అనుకుని, నిటారుగా నిలబడి, కాక్ "నడవండి" అనగానే, గొంతు లోపల సన్నగా "ఊఁ… ఊఁ…" అని సైరన్ మోగిస్తూ బయల్దేరాడు.

మలుపు దగ్గర ఆగలేదు. అసలు చూడలేదు. కోన్ చుట్టూ తిరిగి, మళ్ళీ "ఊఁ… ఊఁ…" అంటూ మా ముందు నుంచి వెళ్ళాడు. వంపు డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తనిఖీ ఆవిడ నా చెవిలో, "ఆ శబ్దం ఏమిటి?" అంది.

"శ్వాస వదులుతూ చేస్తున్న శబ్దం" అన్నాను. అబద్ధం కాదు.

రెండు మూడు చుట్ల తర్వాత ఆ శబ్దం చిన్నదైంది. తర్వాత తెగింది. సైరన్‌కు ఊపిరి చాలడం లేదు. వేలి క్లిప్పు మీద అంకె దిగుతోంది. పెదాల రంగు మారింది. అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్న వాళ్ళం ఒక్కొక్కరం నవ్వు ఎక్కడ పోయిందో తెలియకుండా నిలబడిపోయాం. అంతకుముందు ఆయన మలుపుల దగ్గర, చెప్పుల దగ్గర, రోబో దగ్గర ఆగుతూ ఉంటే మాకు ఆయన జబ్బు కనబడలేదు. ఇప్పుడు దారికి ఏ అడ్డూ లేదు. ఆ మనిషీ, ఆ జబ్బూ మాత్రమే ఉన్నారు కారిడార్‌లో. అయినా ఆగలేదు. అంబులెన్సు ఆగదు కదా.

"మీరు బాగా చేస్తున్నారు" అంది కాక్. మాట అదే. గొంతు మాత్రం రూలు ప్రకారం లేదు. తనిఖీ ఆవిడ ఆమె వైపు చూసింది, కలం తీసింది, మళ్ళీ జేబులో పెట్టేసుకుంది.

మిగిలిన రెండు చోట్లా అలాగే నడిచాడు. చెప్పులతోనే తివాచీ తొక్కాడు. పెద్దావిడ పేరు దగ్గర మాత్రం ఒక చెయ్యి గుండెకు ఆనించి తొక్కాడు. అది నడక దూరాన్ని తగ్గించదు కాబట్టి అనుమతించారు. మూడు దూరాలూ కలిశాయి, కారణాలూ కలిశాయి. తనిఖీ ఆవిడ సంతకం పెట్టి, చక్రం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. కంపెనీ పుస్తకంలోకి నా వాక్యం కూడా ఎక్కింది, కాకపోతే సంఘాలన్నీ దాటి వచ్చేసరికి అంబులెన్సు పోయి, 'పరీక్ష సమయంలో ఇతరులకు దారి ఇవ్వనవసరం లేదు' అని మిగిలింది. కొత్తగా చేరిన మీకు శిక్షణలో ఆ వాక్యం చదివిస్తారు. ఎందుకుందో ఎవరూ చెప్పరు.

ట్రయల్ మొదలైంది. అంకుల్ కూడా చేరాడు. సగం మందికి అసలు మందు, సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికేది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు. అంకుల్ క్రమం తప్పకుండా మింగాడు. వచ్చిన ప్రతిసారీ, "మందు బ్రమ్మాండంగా ఉందమ్మా. కడుపులో సల్లగా ఉంటంది" అనేవాడు. నడక దూరం మాత్రం కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది.

ట్రయల్ ముగిసి గుట్టు విప్పిన రోజు తెలిసింది. మందు పనిచేస్తోంది. అంకుల్ మింగింది ఉత్త మాత్ర.

ఆ మాట ఇంటికెళ్ళి చెప్పింది నేనే. ఉత్త మాత్ర వాడినవాళ్ళందరికీ ఇకనుంచి అసలు మందు ఇస్తారని కూడా చెప్పాను. ఆంటీ భగ్గుమంది. "ఏటీ? ఇన్నాళ్ళూ ఉత్త పిండి మింగించినారా మా మనిషి చేత?"

 అంకుల్ కిటికీలోంచి కింద బస్టాపు వైపు చూసి, "నానేనా అందరికన్నా ముందు నడిసింది?" అన్నాడు.

"మీరే అంకుల్. మీరు నడవకపోతే ఎవరికీ ఏ మాత్రా లేదు."

"మరింకేటి" అన్నాడు.

అసలు మందు మొదలుపెట్టాక నిజమైన గొడవ మొదలైంది. అది కడుపును తిప్పుతుంది, ఆకలి చంపుతుంది. కొన్నాళ్ళకు అంకుల్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఈ కొత్తది నాకు పడనేదు. ఆ పాతదే ఇప్పించు. అది బాగా పడింది."

"అంకుల్, దాంట్లో మందు లేదు."

"అందుకే పడింది."

ఎంత చెప్పినా వినలేదు. రోగి కోరిక ఏదైనా సంఘం ముందు పెట్టాలని మా నియమం. పెట్టాను. అలా, ముగ్గురు నిపుణులు కూర్చుని, ఒక మనిషికి ఉత్త మాత్ర కొనసాగించాలా అని చర్చించారు. కుదరదని ముగ్గురూ అన్నారు. మోతాదు తగ్గించి, తిండి తర్వాత ఇవ్వమన్నారు. ఆ సంగతి అంకుల్‌కి చెప్తే, బేరానికి దిగాడు.

"సరే, నిజం మాత్ర మింగుతాను. దాంతో పాటు ఆ పాతది కూడా ఒకటి ఇప్పించు, ధైర్యానికి."

అది కూడా సంఘం ముందు పెట్టాను. డాక్టరమ్మ తల పట్టుకుంది. వంపు డాక్టరు కాసేపు ఆలోచించి, మందుల చీటీ తీసి, ఒక మామూలు విటమిన్ మాత్ర రాశాడు. తెల్లగా, చూడ్డానికి అచ్చం ఆ ఉత్త మాత్రలాగే ఉంటుంది. చీటీ నా చేతికిచ్చాడు. పక్క నుంచి పొడుగాటి డాక్టరు మెడ చాచి చదివాడు.

"పొద్దున ఒకటేనా?" అన్నాడు. "రాత్రికి కూడా రాయి. ధైర్యం రాత్రిపూటే కావాలి."

నాతో కాదు, కాక్‌తో కాదు, డాక్టరమ్మతో కాదు. వంపు డాక్టరు మొహంలోకి చూసి అన్నాడు.  వంపు డాక్టరు చీటీ నా చేతిలోంచి వెనక్కి తీసుకుని, రెండో పూట కూడా రాసి, "ఇంకేమైనా ఉందా?" అన్నాడు, ఆయన మొహంలోకే చూసి. లేదన్నాడాయన.

మర్నాడే ఆ మాత్రలు టోవా పాయోకి పంపాను, అవేమిటో ఉన్నదున్నట్టు అంకుల్‌కి చెప్పే పంపాను. విటమిన్ అంటే నవ్వి, సరేనన్నాడు. రెండు రకాలూ మింగాడు. కడుపు కుదుటపడింది. తర్వాతి నడకల్లో దూరం తగ్గడం ఆగింది, ఒకసారి కాస్త పెరిగింది కూడా. అప్పుడు ఆంటీ నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, ఆ పెద్ద డాక్టర్లకు ఒక మాట చెప్పు. రెండో మాత్ర బాగా పని చేస్తంది. దాన్నే ఇంకొంచెం గట్టిది ఇయ్యమను."